రెండు వంటిళ్ల నడుమ కిటికీ

ఇబ్రహీంపట్నంలో మా పాత పెంకుటిల్లు బాగుచేయిస్తూ, వెనక రెండు కొత్త గదులు కూడా వేయిస్తున్నాను. మొన్న మేస్త్రీ వంటింటి గోడ గీకుతుంటే తడి సున్నం వాసన వచ్చింది. ఆ సున్నం కింద, ఇటుకలతో మూసేసిన చిన్న కిటికీ బయటపడింది.

మన ఈడువాళ్లకు గుర్తుందా, అన్నదమ్ముల ఇళ్ల మధ్య ఇలాంటి కిటికీలుండేవి? అవతల మా పెద్దమ్మ వంటిల్లు. అమ్మ పొలానికి పోయిన రోజుల్లో పెద్దమ్మ ఇందులోంచే నాకు వేడి జొన్నరొట్టె అందించేది. పైన ఎల్లిపాయ కారం, కాస్త నూనె. ఆమె గాజుల చప్పుడు వినగానే చేయి చాపేదాన్ని.

భూముల ధరలు పెరిగాక పెద్దబాపు వాళ్లు తమ సగం ఇల్లు అమ్ముకుని మంచాల ఊళ్లో ఉన్న కూతురి దగ్గరికి పోయారు. కొన్నవాళ్లు ఆ ఇల్లు కూల్చేశారు. అప్పుడే బాపు ఈ కిటికీ మూయించాడు.

మేస్త్రీ ఇటుకలు తీస్తే అవతల అపార్ట్‌మెంట్ పార్కింగ్ కనిపించింది.

"అక్కా, అవుతల ఎవ్వరు లేరు గద. మల్ల మూసేద్దునా?"

"వద్దన్నా. గట్లనే ఉంచు, ఇనుప జాలీ పెట్టు."

సాయంత్రం పెద్దమ్మకు ఫోన్ చేసి చెప్పాను.

"మంచిగ చేసినవ్ బిడ్డా. గంత పెద్ద ఇంట్ల ఎంతమందుంటరు?"

"నేనొక్కదాన్నే, పెద్దమ్మా."

ఆమె అంది: "ఆ వంటింట్ల నాకొక పీట ఎయ్యి. వచ్చి నాలుగు పొద్దులుంట."

మోకాళ్ల నొప్పులతో ఆమె గడప దాటి ఏళ్లయిందని ఇద్దరికీ తెలుసు. అయినా మర్నాడే వడ్రంగికి పీట చెప్పాను.