నలభై జర్బరాలూ నా ఒక్క ‘కూర్చో’

ఆ రోజుల్లో (మరీ పాత రోజులేమీ కావు, ఇప్పుడున్న ఫోనుకు ముందు ఫోను నా చేతిలో ఉన్న రోజులు) పాఠం బాగా చెప్పడమంటే పిల్లలు నోరు తెరుచుకొని చూసే వస్తువొకటి క్లాసుకు పట్టుకెళ్లడమేనని నేను గట్టిగా నమ్మేదాన్ని. బీఎడ్ చివరి ఏడాది. మొయినాబాద్ దగ్గరి ఒక సర్కారు బడిలో ఏడో తరగతికి పువ్వు భాగాల పాఠం చెప్పాలి. వెనక బెంచీలో కూర్చొని మార్కులు వేసేది, మేమంతా చాటుగా ఎర్రపెన్ను మేడం అని పిలుచుకొనే ఆవిడ. ఆ పాఠం తప్పితే పట్టా రాదు, పట్టా లేకపోతే ఆ వేసవిలో టీచరు ఉద్యోగపు పరీక్ష రాయనివ్వరు. వారం రోజులుగా నాకు అన్నం సయించలేదు.

పాఠ్య ప్రణాళికలో ‘ఎంచుకున్న ఉపకరణం, కారణం’ అని ఒక గడి ఉంటుంది. ఆ గడి ముందు మూడు రోజులు కూర్చున్నాను. చార్టు అందరూ గీస్తారు. వీడియో చూపిద్దామంటే బడిలో తెర లేదు, నలభై మంది నా ఫోను మీద పడితే ఫోనూ మిగలదు. ఆ బడి సైన్సు సారు నా అవస్థ చూసి, “ఎందుకమ్మా గంత ఫికరు? గోడెనక ఉమ్మెత్త చెట్లున్నయి. ఒక్క పువ్వు చీరి చూపియ్యి, అన్ని భాగాలు సాఫ్ కనబడ్తయి” అన్నాడు. ఉమ్మెత్తా! ఎర్రపెన్ను మేడం ముందు గోడవెనక పిచ్చిమొక్కా! (అప్పట్లో నా పొగరు మీరు చూడలేదు.)

మా బాపు చేవెళ్ల దగ్గర ఒక పాలీహౌసులో పూలు కోయించే మేస్త్రి. నలభై జర్బరా పూలు కావాలంటే, “పెండ్లిళ్ల దినాలు బిడ్డా, ఓనరు ఊకుంటడా?” అని గొణిగాడు గాని, ఎట్లా బతిమాలాడో ఏమో, అరచేయంత పూలు ఏరి తెచ్చాడు. గడిలో ‘పెద్దది, ఆకర్షణీయమైనది, స్థానికంగా దొరుకుతుంది’ అని గుండ్రటి అక్షరాలతో రాశాను. పద్ధతి: ‘పిల్లలే విప్పి కనుక్కొంటారు’. నేను మాత్రం ఒక్కటీ విప్పలేదు. బాపు అంత ప్రేమగా తెచ్చిన పువ్వును చింపడానికి మనసు రాలేదు.

పొద్దున బస్సులో ఆ పూలగంప ఒళ్లో పెట్టుకొని, బ్రేకు పడినప్పుడల్లా ప్రాణం గుప్పిట్లో పెట్టుకొని కూర్చున్నాను. కండక్టరు, “పెండ్లి ఎక్కడక్కా?” అన్నాడు. “పాఠం చెప్పనీకి పోతున్న అన్నా” అంటే నమ్మలేదు.

క్లాసులో పూలు పంచగానే పిల్లలు కేరింతలు కొట్టారు. మేడం పెన్ను మూత తీసింది. “ఒక్క ఆకర్షణ పత్రం తెంపి చూడండి” అన్నాను, ధీమాగా. ముందు బెంచీ పిల్ల (వాళ్లమ్మ కూడా పూల తోటలో పనికి పోతుందట) తెంపిన రెక్కను వెలుతురుకు పెట్టి చూసి లేచింది.

“టీచర్, గీ రెక్క కింద చిన్న కాయ తీరు ఉన్నది. రెండు చీలికల కొమ్ము గూడ ఉన్నది. గీ ఒక్క రెక్కనే ఒక పువ్వా?”

చూశాను. నిజమే. పొద్దుతిరుగుడు కుటుంబంలో మనం పువ్వనుకొనేది వందల చిన్న పూల గుత్తి అని డిగ్రీలో చదివాను (ఆ ప్రశ్నకు మంచి మార్కులు కూడా వచ్చాయి). జర్బరాదీ ఆ కుటుంబమేనని అప్పుడు గుర్తుకొచ్చింది. వెనక బెంచీలో ఎర్రపెన్ను కదులుతోంది. “కాదు, అది రెక్కే. కూర్చో” అన్నాను.

ఆ పిల్ల కూర్చుంది. తన కళ్లతో చూసినదాన్ని మళ్లీ ఒకసారి చూసుకొని, ఆ రెక్కను మెల్లగా బెంచీ కిందికి జారవిడిచింది. ఆ ముఖం చూశాక నా వల్ల కాలేదు. “ఆగమ్మా. నువ్వన్నదే నిజం. నేనే సరిగ్గా చూసుకోలేదు” అని, మేడంకు దండం పెట్టి గోడవెనక్కి పరుగెత్తాను. చీర కుచ్చిళ్లకు పల్లేరు కాయలు అంటించుకొని నాలుగు ఉమ్మెత్త పూలతో తిరిగొచ్చాను. విషం, మీరు ముట్టుకోవద్దని చెప్పి, నేనే చీరి చూపించాను. ఐదు కేసరాలు, మధ్యలో అండకోశం, అన్నీ సాఫ్ కనిపించాయి. కిటికీలోంచి సైన్సు సారు చూస్తున్నాడని తెలిసినా అటు తల తిప్పలేదు.

మేడం నా గడిలోని కారణాన్ని అడ్డంగా కొట్టేసి, ‘ముందు టీచరు విప్పి చూడాలి’ అని రాసింది. పుస్తకం ఇస్తూ, “ఆ పిల్లను కూసోమన్నప్పుడు సున్న ఏసిన. ఆగమన్నంక ఆ సున్న కొట్టేసిన. పాస్ అయితవు, పో” అంది. సాయంత్రం బాపు, “పూలు పనికొచ్చినయా బిడ్డా?” అని అడిగాడు. “మస్తు పనికొచ్చినయి బాపూ” అన్నాను. అబద్ధమేమీ కాదు.

ఇప్పుడు నేనూ సైన్సు టీచరునే. ఏ పాఠానికి ఏది పట్టుకెళ్లాలన్నా ముందు ఇంట్లో విప్పి చూడందే కదలను. మా వంటింటి గట్టు మీద చీరిన పూలు చూసి ఇంట్లోవాళ్లు నవ్వుతారు, నేనూ నవ్వుతాను. అయినా క్లాసులో నాకు తెలియనిది ఎవరైనా అడిగితే, నోటిదాకా ముందొచ్చేది ఇప్పటికీ ‘కూర్చో’ అనే మాటే. దాన్ని మింగి, “ఏదీ, ఇటు తే, చూద్దాం” అంటాను. ఆ పిల్ల పేరేమిటో మాత్రం నాకు తెలియదు. మార్కుల కంగారులో ఆ రోజు అడగనేలేదు.