అమ్మవారని కట్టిన వేపమండలు

“అత్తా, నీకు ముందే తెలుసునా?”

“నాకేం తెలుసు? నీ ఒంట్లో ఉండేది నీకే తెలియల్ల.”

నా కోడలు రేణుకా నేనూ చివరిగా మాట్లాడుకున్నది ఇంతే. ఆదోని ఆసుపత్రి గేటు దగ్గర. అప్పుడామె కడుపుతో ఉంది. వాళ్ళ నాయన వచ్చి ఎమ్మిగనూరు బస్సెక్కించి తీసుకుపోయాడు. ఇన్నేళ్ళుగా ఆ జవాబును మోస్తున్నాను. పొలంలో కలుపు తీస్తున్నా, అన్నం ముందు కూర్చున్నా, నా గొంతే నాకు వినిపిస్తుంది.

నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే నా తమ్ముడి కూతురు సుజాత రాస్తోంది. చదివే మీరెవరో నాకు తెలియదు. తెలియని మనిషికైతే చెప్పగలను అనిపించింది.

నాకు తెలుసు. ముందే తెలుసు.

నా భర్త పోయాక నా కొడుకు పత్తి లారీల మీద తిరిగేవాడు. రేణుకతో పెళ్ళి కుదిరాక, ఒకరోజు తల వంచుకుని చెప్పాడు. చెప్పుకోరాని చోట పుండు అయిందట, నొప్పి లేదట, దానంతట అదే ఆరిపోయిందట. ఆరింది కదా అని ఊరుకున్నాను. కొన్ని వారాలకు అరచేతుల్లో, అరికాళ్ళలో రాగి రంగు మచ్చలు లేచాయి. ఆదోనికి తీసుకుపోయాను. డాక్టరమ్మ చేతులు తిప్పి చూసింది. రక్తం పరీక్ష చేయించింది. వాడు సరేనన్నాకే నన్ను లోపలికి పిలిచింది.

“సవాయి రోగమమ్మా, సిఫిలిస్ అంటారు. పుండు మానినా రక్తంలో ఉంటుంది. ఈ మచ్చలూ పోతాయి, రోగం మాత్రం పోదు. ఇప్పుడైతే ఒక్క సూదితో నయమవుతుంది. పెళ్ళికి ముందే వేయించండి, లేకుంటే భార్యకూ అంటుకుంటుంది.”

సూది వేసే గది ముందు రేణుక పెదనాయన కూర్చుని ఉన్నాడు. మోకాలికి కట్టు.

“ఏమ్మా, ఈడికొచ్చినారు? పెండ్లికొడుక్కి ఏమయింది?”

నా నోటికి ఏది వస్తే అది అన్నాను. “అమ్మవారు పోసిందన్నా.”

“అయ్యో! అమ్మవారు పోసినోనికి సూది ఏపిస్తారా ఎవరన్నా? తల్లికి కోపమొస్తాది. ఇంటికి పిల్సకపో.”

పిలుచుకుపోయాను. ఆ మాట అన్నాక ఆ గదిలోకి ఎలా పోను? గడపకు వేపమండలు కట్టాను. ఎవరినీ లోపలికి రానివ్వలేదు. రాగి అంబలిలో పెరుగు కలిపి తల్లికి పెట్టాను. అమ్మవారు పోసిన ఒళ్ళు నేను చూడనివా? జ్వరం వస్తుంది, నీటి పొక్కులు లేస్తాయి, దురద పెడుతుంది. వాడికి అవేవీ లేవు. మరుసటి వారం మళ్ళీ పోయి ఉండొచ్చు కదా? పోలేదు. మచ్చలు వాడిపోతుంటే, తల్లి నా అబద్ధాన్ని నిజం చేసిందని సంతోషపడ్డాను. నిజంగా నమ్మానా? నమ్మితే అంత తొందరగా పెళ్ళి ఎందుకు చేశాను?

ఏడాది తిరక్కుండానే రేణుక కడుపుతో రక్తపరీక్షకు పోయింది. అదే రోగం. సూదులు వేయడం మొదలుపెట్టి, భర్తను కూడా తీసుకురమ్మన్నారు. మావాడు లోడుతో దూరం పోయాడని చెప్పాను. వాడు ఇంట్లోనే ఉన్నాడు. వాడికీ సూది పడితే నిందంతా వాడి మీదికే వస్తుందని భయం. అందుకే ముందుగా నేనే అందరికీ చెప్పాను, ఆ రోగం రేణుకే తెచ్చిందని. వాడు విని తల వంచుకున్నాడు. అలా ఊరుకోవడం నేర్పింది నేనే.

సూదులు సరైన వేళకు పడ్డాయి కాబట్టి ఆడపిల్ల బాగానే పుట్టింది. నేను చూడటానికి పోలేదు. “ఎవరి బిడ్డనో” అన్నాను. ఆ మాట ఎమ్మిగనూరు వరకూ చేరింది. ఇప్పుడు ఆ పిల్ల పెద్దదయింది. వాళ్ళ వీధిలో ఇంకా ఆ మాట ఉందట.

మావాడికి ఈ మధ్య చూపు మసకబారింది. నడిస్తే కాళ్ళు ఎక్కడ పడతాయో వాడికే తెలియదు. కర్నూల్లో వెన్నులోంచి నీరు తీసి చూశారు. పాత సవాయి నరాల్లోకి దిగిందన్నారు. ఆసుపత్రిలోనే పెట్టుకుని రోజూ నరానికి మందు ఎక్కించారు. ఇక ముదరదట. పోయిన చూపు మాత్రం తిరిగి వస్తుందని చెప్పలేమన్నారు. ఆ రోజు ఒక్క సూదితో పోయేది. వాడిని కాపాడుతున్నాను అనుకున్నాను. వాడి కళ్ళూ తీశాను, ఆ తల్లీబిడ్డల పరువూ తీశాను.

రేణుక క్షమించాలని అడగను. అడిగే నోరు కాదిది. ఇది ఎమ్మిగనూరులో ఆమె వీధివాళ్ళూ చదవనీ. ఆమె తప్పేమీ లేదని, ఆ బిడ్డ నా కొడుకు బిడ్డేనని తెలియనీ.

సుజాతా, ఏడవగాకు మే. రాసిండేదంతా ఒకసారి సదివి ఇనిపీ. మొదట ఆయమ్మి అడిగిన మాట సదువు. నేను అబద్ధం సెప్పింది కూడా సదువు. ఆ కిందనే “నాకు తెలుసు” అని రాసినావు సూడు, ఆడ మటుకు గట్టిగా సదువు.