అమ్మ ప్రార్థనలో ఉంది

చాలా ఏళ్లుగా నేనొక మంచిపేరు మోస్తున్నాను. చెడ్డపేరైతే ఇంత బరువుండేది కాదేమో. ఏదో ఒకరోజు ఎవరైనా నిలదీసేవారు, ఏడ్చి దించుకునేదాన్ని. మంచిపేరును ఎవరూ నిలదీయరు. మా సంఘంలో నన్ను ప్రార్థనాపరురాలు అంటారు. ఆదివారం ఆరాధన అయ్యాక కొత్త కోడళ్లను నా దగ్గరకు తీసుకొచ్చి, నన్ను చూసి నేర్చుకోమంటారు. నేను నవ్వి తల ఊపుతాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియాల్సిన పనీ లేదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది భీమవరం. నేనొక ఐసు ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేసేదాన్ని. చెరువుల మీద రొయ్యల పట్టుబడి మొదలైందంటే పొద్దున్నుంచీ ఫోన్లే. ఐసు ఎప్పుడొస్తుంది, లారీ ఎక్కడుంది, సరుకు పాడైపోతే ఎవరిది పూచీ అని అరుపులు. అందరికీ సర్దిచెప్పి ఇంటికొచ్చేసరికి చెవులు హోరెత్తిపోయేవి. మావారు రొయ్యల మేత కంపెనీ పని మీద చెరువుల వెంట తిరుగుతుండేవారు. ఇంట్లో మా అత్తగారు, మా అమ్మాయి. ఒక్కతే కూతురు.

దాని పేరు రాయను. చిన్నప్పుడు అది వసపిట్ట. నేను గుమ్మంలో చెప్పులు విప్పకముందే "అమ్మా, విను" అని మొదలుపెట్టేది. ఎవరు ఎవరితో మాటలు మానేశారు, ఆటోలో ఎవరి క్యారేజీ ఒలికిపోయింది, టీచరు ఎవర్ని బెంచీ ఎక్కించింది. చెప్పిందే మళ్లీ మొదటినుంచి. నేను ఊఁ కొడితే చాలదు, ఇప్పటిదాకా తనేం చెప్పిందో నన్ను తిరిగి చెప్పమని పరీక్ష పెట్టేది.

ఒక సాయంత్రం తలనొప్పితో వచ్చి మంచం పక్కన మోకరించాను. ఆ రోజు నిజంగా ప్రార్థన చేద్దామనే. చెంగు ముసుగు వేసుకుని ముఖం పరుపుకు ఆనించాను. గుమ్మం దాకా పరుగెత్తుకొచ్చిన పిల్లను అత్తగారు ఆపారు. అమ్మ ప్రార్థనలో ఉంది, పిలవకూడదన్నారు. పిల్ల వెళ్లిపోయింది. ఇల్లంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం ఎంత హాయిగా ఉందో మీకెలా చెప్పను?

మర్నాడు మళ్లీ మోకరించాను. ఆ తర్వాతి రోజూ. మా ఇళ్లల్లో మోకాళ్ల మీద ఉన్న మనిషిని ఎవరూ పలకరించరు. పొయ్యి మీద కూర మాడుతున్నా పిలవరు. ఆ మర్యాద నాకు బాగా పనికొచ్చింది. ముసుగులో నేనేం చేసేదాన్ని? ఒక్కోసారి కునుకు తీసేదాన్ని. ఒక్కోసారి మర్నాటి లోడ్ల గురించి ఆలోచించేదాన్ని. చాలాసార్లు ఏమీ లేదు, ఊరికే ఉండేదాన్ని. గుమ్మం దగ్గర చిన్న అడుగులు ఆగినట్టు వినిపిస్తే మాత్రం ఏవో గొణుగుతున్నట్టు పెదవులు కదిపేదాన్ని. ఇది రాస్తుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతున్నాను. అలసిపోయి పడుకున్న తల్లిని ఎవరైనా క్షమిస్తారు. దేవుణ్ణి అడ్డం పెట్టుకుని పెదవులు కదిపిన తల్లిని ఏమనాలి? అత్తగారేమో మురిసిపోయి కనబడినవాళ్లందరికీ నా భక్తి గురించి చెప్పుకొచ్చారు. ఆ పేరు నాకు అలా వచ్చింది.

అది ఎనిమిదో తరగతిలో ఉండగా ఒకరోజు అత్తగారు పక్కింటికి వెళ్లారు. ఆపేవాళ్లు లేరు. పిల్ల లోపలికొచ్చి నా పక్కనే నేల మీద కూర్చుంది. ముక్కు ఎగబీలుస్తోంది. ఏడ్చి వచ్చిందని నాకు తెలిసింది. తెలియలేదని మీతో అంటే నాకు తేలికే, కానీ తెలిసింది. నా చెంగు కొస పట్టుకుంది.

"అమ్మా," అంది మెల్లగా. "ప్రార్థన అయ్యాక నీకో మాట చెప్తాను. నానమ్మ రాకముందే."

అప్పుడు నేను గొంతు పెంచాను. దాని పేరు పెట్టి, ప్రభువా నా బిడ్డను నీ చేతుల్లో పెడుతున్నాను, దాని ప్రతి కష్టం నీకు తెలుసు అంటూ గట్టిగా ప్రార్థన అందుకున్నాను. ఆపలేదు. పక్కనున్న బిడ్డను పంపించేయడానికి ఆ బిడ్డ పేరు మీదే ప్రార్థన చేశాను. అది కాసేపు విన్నది. ఆమేన్ అంది. చెంగు వదిలేసి లేచి వెళ్లింది.

అన్నాల దగ్గర అడిగాను, "ఏంటే, ఏదో చెప్తానన్నావు?"

"ఏం లేదులేమ్మా. నువ్వు ప్రార్థన చేశావుగా. చాలు."

ఆ మాటకు నేను బాధపడలేదు. హమ్మయ్య అనుకున్నాను. ఆ తర్వాత దాని కబుర్లు తగ్గిపోయాయి. పిల్లకు బుద్ధి వచ్చిందని ఇంట్లో అందరం సంతోషించాం. పెద్దదైంది, నర్సింగ్ చదివింది, పెళ్లయింది, ఇప్పుడు కాకినాడలో ఉంటోంది. ఫోన్ చేస్తే బాగున్నామమ్మా అంటుంది. అడిగినదానికి జవాబు చెబుతుంది. తనంతట తను చెప్పేది ఏమీ ఉండదు. అత్తగారు పోయారు. నేను ఉద్యోగం మానేశాను. మావారు ఇంకా చెరువుల వెంటే. సాయంత్రమైతే ఇంట్లో మనిషి గొంతు వినబడాలని టీవీ పెట్టి, వంటగదిలో కూర్చుంటాను. నేను కోరుకున్న నిశ్శబ్దమే ఇది. ఇంత దొరుకుతుందనుకోలేదు.

ఈమధ్య మా అమ్మాయి ఊరొచ్చినప్పుడు, స్త్రీల కూడికలో సాక్ష్యం చెప్పమని పాస్టరమ్మగారు దాన్ని అడిగారు. లేచి నిలబడి ఆ సాయంత్రం సంగతే చెప్పింది. చిన్నప్పుడు తనకు ఎవరికీ చెప్పుకోలేని కష్టం వచ్చిందట. అమ్మకు చెబుదామని వెళితే, తను నోరు తెరవకముందే అమ్మ తన పేరు పెట్టి దేవుడితో మాట్లాడుతోందట. దేవుడే అమ్మకు చెప్పాడని అప్పుడే తెలిసిందట. ఆ రోజు నుంచి తనకు దేవుడుంటే చాలట, మనుషులకు చెప్పుకునే అవసరం రాలేదట. అందరూ స్తోత్రం అన్నారు. నాకు దుఃఖం ఆగలేదు. అది ఆనందమనుకుని పాస్టరమ్మగారు నా చెయ్యి పట్టుకున్నారు.

ఏమిటా కష్టం? బడిలోనా, ఆటోలోనా? ఎవరైనా ఏమైనా చేశారా? నానమ్మ రాకముందే చెప్పాల్సిన మాట, ఆ వయసు పిల్లకు ఏమై ఉంటుంది? దాన్ని ఒక్కతే ఎలా దాటింది? నేను అడగలేను. అడగాలంటే ఆ రోజు దేవుడు నాకేమీ చెప్పలేదని చెప్పాలి. దాని విశ్వాసమంతా ఆ సాయంత్రం మీద నిలబడి ఉంది. దాన్ని నా చేతులతో నేను కూలదోయనా? లేక ఇదంతా నా పిరికితనం చెప్పే సాకా? నా అబద్ధాన్ని కూడా దేవుడు మంచికే వాడుకున్నాడేమో అని ఒక్కోసారి అనిపిస్తుంది. ఆ ఆలోచన నాకు మరీ అనుకూలంగా ఉంది, అందుకే దాన్ని నమ్మబుద్ధి కాదు.

దేవుడి దగ్గర చాలాసార్లు ఒప్పుకున్నాను. ఆయనతో చెప్పడం తేలిక, ఆయనకు ముందే తెలుసు. తెలియనిది మా అమ్మాయికి.

అలసట, తలనొప్పి అని ఇందాకటినుంచీ రాస్తున్నాను. అదీ పూర్తి నిజం కాదు. ఆఫీసులో ముక్కూ మొహం తెలియని లారీ డ్రైవరు ఇంటి గొడవలు చెబితే ఓపిగ్గా వినేదాన్ని. కూడిక అయ్యాక చర్చి మెట్ల మీద ఎంతసేపైనా కబుర్లాడేదాన్ని. అక్కడ రాని అలసట ఇంటికి రాగానే ఎక్కణ్ణుంచి వచ్చేది? నా బిడ్డంటే నాకు ప్రాణం. నా బిడ్డ మాటలంటే విసుగు. ఆ సాయంత్రం అది నా పక్కన కూర్చుని ఏడుస్తుంటే, ఇది ఎప్పుడు లేచి వెళుతుందా అని ఎదురుచూశాను. ఇంతమంది ఎదుట ఇన్ని ప్రార్థనలు చేసిన నోటితో ఈ ఒక్క మాట ఎప్పుడూ అనలేదు. ఇప్పుడు అన్నాను.