అత్త చెప్పిన ఎర్ర పురుగు

ఆ దినాల్లో ఎనిమిదో తరగతి చదివిన కోడలంటే ఏమనుకున్నారు? ఆదోని పక్కన మా అత్తగారి పల్లెలో నా అంత చదువుకున్న ఆడపిల్ల ఇంకొకతె లేదు. ఆ సంగతి ఎవరికైనా తెలియకపోతే నేనే తెలియజేస్తాంటి. మా నాయన ఎమ్మిగనూరులో బట్టలంగట్లో గుమాస్తా. పురుగు కనబడిందంటే చీరకు చిల్లు పడినట్టేనని నేర్చుకున్న పిల్లను తీసుకపోయి పత్తి పండించే ఇంట్లో ఇచ్చినారు. పత్తి తీసే కాలం రాగానే నడిమింట్లో పత్తి కుప్ప పడింది, పెరట్లో గోడకానించి పొయ్యిలోకి పత్తికట్టె పేర్చినారు. వాటితో పాటు పిలవని చుట్టాలు కూడా దిగినాయి. శెనగబ్యాళంత ఎర్రటి పురుగులు, వీపు మీద నల్లచుక్కలు. గోడ మీద అవే, దండెం మీద అవే, ఒక పొద్దు మా మామ మజ్జిగ లోటాలో కూడా అదే. (మా మామ దాన్ని వేలితో తీసి పక్కన పెట్టి మజ్జిగ తాగేసినాడు. ఆ పూట నాకు అన్నం దిగలేదు.)

ఆ మాఘమాసంలోనే మా అన్న పెండ్లి. ఉండేది ఒక్క అన్న. పది దినాల ముందే పోయి పెండ్లింట్లో పెత్తనం చేయాలని నా ప్రాణం కొట్టుకుంటాండాది. కానీ పత్తి కాలంలో ఇంటికి ఒక చెయ్యి తక్కువైనా కష్టమే. ఎట్లనో ధైర్యం చేసి మా అత్తను అడిగినా. అప్పుడు పక్కింటామె మా అరుగు మీదనే కూర్చోనుంది. మా అత్త ఆమె పక్క ఒక చూపు చూసి, గొంతు తగ్గించి, "ఇంట్లో ఎర్రపురుగులు శానా అయినాయి. ఒకటి కూడా లేకుండా చెయ్యి, పది దినాల ముందే పంపిస్తా. లేకుంటే మూర్తం పొద్దు పోయి మూర్తం పొద్దే రావాల" అనింది. గొంతు ఎందుకు తగ్గించిందని ఆలోచించేంత తెలివి ఉంటే నాకు ఇన్ని తిప్పలు ఎందుకు వస్తాయి?

వాళ్లంతా చేనికి పోతానే నేను కొంగు బిగించినా. గోడ సందులన్నీ ఎర్రమన్ను, పేడ కలిపి పూడ్చినా. కిటికీలకు గోనెపట్టాలు కట్టినా. గాలి రాదు, వెలుతురు రాదు, పురుగులు మాత్రం వస్తాండాయి. ఒక్కొక్కదాన్నే ఏరి చెంబులో వేసి, మూతికి గుడ్డ కట్టి, ఊరి బయట వదిలిపెట్టి వస్తాంటి. నేను ఇల్లు చేరేలోపల అవి నా కంటే ముందే వచ్చి గడప మీద కూర్చోనుండేవి. ఇట్లయితే కాదని వేపాకు పొగ పెట్టినా. దానికీ బెదరకపోతే, చదువుకున్న బుర్ర కదా, పొగలో నాలుగు ఎండుమిరపకాయలు వేసినా. చేన్నుంచి వచ్చిన మా ఆయన గడపలోనే దగ్గు పట్టుకొని, కండ్లు తుడుచుకుంటా, "పురుగుల్నేనా, నన్ను కూడా ఎళ్లగొడతాండావా?" అన్నాడు. మా అత్త మాత్రం పొగ చూసి మురిసిపోయింది. "శానా కష్టపడతాండావు పాపా" అని మెచ్చుకుంది. ఆ పురుగులు పట్టుకుంటే పసుపు రంగు నీళ్లు కక్కుతాయి, కంపు వేరే. నా రెండు చేతులూ పెండ్లికూతురి చేతుల మాదిరి పచ్చగా అయిపోయినాయి. పెండ్లికి నేను ముందే తయారైపోయినానని నన్ను నేనే మెచ్చుకున్నా.

వారానికల్లా ఇంట్లో ఒక్క చుక్కల పురుగు లేదు. నన్ను పిల్చుకపోను మా నాయన వచ్చినాడు. వియ్యంకుడు కదా, ఇంట్లో ఉన్న మంచి నులకమంచం ఆయనకే వేసినారు. పొద్దున లేస్తానే చూస్తే ఆయన మెడ, చేతులు అంతా ఎర్రగా దద్దుర్లు. మర్యాదస్తుడు పాపం, గోక్కుంటానే మా అత్తతో అన్నాడు: "మంచం శానా బాగుందక్కా. పడుకున్నప్పుడు ఒక్కణ్ణే. లేసేటప్పటికి శానామందిమి అయినాము."

మా అత్త ముఖం చూడాల. నన్ను పెరట్లోకి పిల్చి, "నేను సెప్పిందేంది, నువ్వు చేసిందేంది?" అనింది.

"ఎర్రపురుగులన్నీ ఏరేసినా గదా అత్తా! చెంబులో పోసి ఊరి బయట వదిలిపెట్టి వచ్చినా!"

"ఓయమ్మా! అవి అక్షింతల పురుగులే తల్లీ! చేన్లో పత్తాకుకు పట్టిన పేను తినేటివి, వాటినెవరైనా ఎళ్లగొడతారా? నేను సెప్పింది మంచాల్లోటివి! నల్లులు! పక్కింటామె ముందర ఆ మాట ఎట్ల అనేది?"

ఆ పొద్దు నా మీద పడినన్ని అక్షింతలు నా పెండ్లిలో కూడా పడలేదు. చివరకు, "యాడికీ పోయేది లేదు, మంచాలు బయటికి తియ్యి" అనింది. మా నాయన సంచి పట్టుకొని వాకిట్లో నిలబడినాడు. ఉండాల్నా, పోవాల్నా ఆయనకే తెలీదు. నేను ఏడ్చుకుంటా మంచాలు ఎండకు లాగినా. అత్త మసలే నీళ్లు నులకలో పోస్తాంటే నల్లులు బిలబిలా రాలినాయి. అంతలో ఒక అక్షింతల పురుగు ఎగురుతా వచ్చి మా అత్త భుజం మీద వాలింది. వారం దినాల అలవాటు, ఏడుస్తా ఏడుస్తానే నా చెయ్యి దాని మీదికి పోయింది. మా అత్త టక్కున నా చెయ్యి పట్టుకుంది. తిప్పి చూసింది. పచ్చటి అరచెయ్యి, పచ్చటి గోర్లు, కన్నీళ్లు, మిరపపొగకు ఉబ్బిన ముఖం. పకపకా నవ్వింది. చెంబు కింద పెట్టి, కడుపు పట్టుకొని నవ్వింది.

"ఇన్ని అక్షింతలు ఈడనే ఏరుకుంటివి గదే! పో, మీ అన్న మీద కూడా నాలుగు ఏసిరా. పది దినాలూ ఉండి రా" అనింది.

ఆ పొద్దే ఎమ్మిగనూరు బస్సెక్కినా. (మా నాయన దారి పొడుగునా గోక్కుంటానే వచ్చినాడు. ఆయన సంచిలో నల్లులు కూడా కొన్ని పెండ్లికి వచ్చినాయని తరువాత తెలిసింది.)

ఇప్పుడు ఆదోనిలో నా కొడుకు ఇంట్లో ఉన్నా. కిటికీలన్నిటికీ దోమతెరలు. మా అత్త పోయి శానా ఏండ్లయింది. మళ్లా అట్ల తిట్టి, అట్ల నవ్వి, ఊరికి పంపించేవాళ్లు లేరు. ఎప్పుడైనా తెరకవతల ఒక చుక్కల పురుగు వాలితే, కోడలు చూడకముందే తెర జరిపి లోపలికి రానిస్తా. ఆమె చూసిందంటే, "పురుగుల్ని ఇంట్లోకి పిలిచేది ఏంది అత్తమ్మా!" అని నా మీద నాలుగు అక్షింతలు వేస్తుంది. వేయనీ. అవి పడాలనే గదా తెర తీసింది.