తెలుస్తుందని చెప్పాను

ఆ తెల్లవారుజామున ఆ రోడ్డు మీద ఉన్నవి ముందు చెబుతాను. రెండు సీట్ల విలాయతీ కారు ఒకటి. దాని స్టీరింగు దగ్గర డ్రైవరు సాయిలు. పక్క సీట్లో నిద్రపోతున్న పటేలు. రోడ్డు అంచున గొంగడి కప్పుకుని పడుకున్న బీరయ్య. కోసేసిన జొన్న చేలో అతని గొర్రెలు. వాటన్నిటి మీదా పొగమంచు. నేను అక్కడ లేను. తాండూరులో నా గదిలో ఉన్నాను. అయినా ఈ వరసలో నా పేరు మొదట రావాలి. రానివ్వకుండా ఇన్నేళ్ళు మోశాను. ఆ బరువు ఎక్కడుంటుందో కూడా చెప్పగలను. గొంతుకు కొంచెం కింద, మాట బయలుదేరే చోట. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

అప్పటికి నేను హైదరాబాదులో మెకానికల్ డిప్లొమా ముగించి తాండూరుకు వచ్చి ఏడాది కాలేదు. బండల గనుల లారీలు బాగుచేసే వర్క్‌షాపులో ఉద్యోగం. నిజాం పాలన పోయి కొన్నేళ్ళే అయింది. ఊరు విడిచిపోతున్న ఒక జాగీర్దారు దగ్గర మా పక్క ఊరి పటేలు ఆ కారు కొన్నాడు. నేలను రాసుకుంటూ పోయే పొట్టి బండి. పరుగు కోసం చేసినది. చక్రం కింద పల్లేరుకాయ పడినా వెన్నుపూసకు తెలిసేది. పటేలుకు గుర్రం మీంచి పడి నడుము దెబ్బతిన్నది. వారం వారం తెల్లవారకముందే బయలుదేరి వికారాబాదులో డాక్టరుకు చూపించుకోవాలి. అయినా వేరే కారు ఎక్కడు. బండి మారొద్దు, కుదుపు పోవాలి అన్నాడు. "పాలల్ల పోయినట్టు ఉండాలె" అన్నాడు.

నాకది పరీక్షలో ఇష్టమైన ప్రశ్న వచ్చినట్టుంది. చేయగలిగినవన్నీ వరసగా ఆలోచించాను. కుదుపు మోసే ఉక్కు పట్టీల కమాను కట్టలో ఒక పట్టీ తగ్గించడం. పట్టీల మధ్య గ్రీజు పట్టించిన తోలు పెట్టి, పైన కాన్వాసు తొడుగు కట్టడం. ఇనుము ఇనుమును రాసే ప్రతిచోటా రబ్బరు. ఊపును బిగపట్టే పాత చెక్కల బదులు, పాడైన పెద్ద కారు నుంచి తీసిన ఊపును మెత్తగా మింగే నూనె డాంపర్లు. చక్రాల్లో గాలి తగ్గించడం. వీటిలో రెండు చేస్తే చాలు. కాలేజీలో మాకు చెప్పిన మాట నాకు గుర్తుంది: రోడ్డు సంగతి డ్రైవరుకు కొంతైనా చేరాలి, పూర్తిగా ఆపేయకూడదు. ఆ మాట గుర్తుండే అన్నీ చేశాను. ఎందుకు? పటేలు మెప్పు కోసమా? కాదు. అంతదాకా చేయగలనని నాకు నేను చూపించుకోవడానికి.

ఆ కారును చుట్టుపక్కల ఊళ్ళలో గిలకలబండి అనేవారు. నేను చేయి వేయకముందు ఇంజను కంటే దాని కమానుల చప్పుడే ఎక్కువ. చలికాలం పంట కోసిన చేలలో ఎరువు కోసం రాత్రిళ్ళు గొర్రెల మందలు పెడతారు. చేను మంచుకు తడిసి ఉంటుంది కనుక కాపరులు పొడిగా ఉండే రోడ్డు అంచున పడుకుంటారు. ఆ వేళ అటు వచ్చే మోటారు అదొక్కటే. కిర్రుమనే మోత దూరాన వినబడగానే లేచి, గొంగడి లాక్కుని పక్కకు జరిగి, అది పోయాక మళ్ళీ పడుకునేవారు. అది అక్కడి అలవాటు. సాయిలు ద్వారా అది నాకు తెలుసు. ఎలా తెలిసిందో కూడా చెప్పాలి.

పని అయ్యాక వర్క్‌షాపు వెనక గుంతల బాటలో పరీక్ష పెట్టాం. తడి ఇసుక నింపిన గోనెసంచిని అడ్డంగా వేశాను. సాయిలు నడిపాడు. నేను పక్కన కళ్ళు మూసుకుని కూర్చున్నాను.

"ఎప్పుడు దాటుతమో చెప్పు సారూ" అన్నాడు.

"ఇంకా రాలె."

"దాటి మస్తు సేపాయె! ఎనకకు సూడు." పగలబడి నవ్వాడు. "పటేలు పాలు అడిగితె నువ్వు వెన్న పెట్టినవ్. గని నాకే జర పరేషాన్‌గ ఉన్నది. కాళ్ళ కింద ఏమున్నదో నాకు ఎరుక కాకపాయె."

"అలవాటైతది సాయిలన్నా."

"నాకైతది. గొర్లోళ్ళకు ఎట్ల? గిలకల చప్పుడుకే లేస్తరు వాళ్ళు. ఇగ నేను దిగి ఒక్కొక్కన్ని తట్టి లేపాల్నా?"

"హారన్ లేదా?"

"ఉన్నది. పటేలు పండుకుంటే కొట్టనిస్తడా?"

నేను కూడా నవ్వాను. అక్కడ మేమిద్దరమే ఉన్నాం.

కొన్ని వారాలకు, వికారాబాదు దారిలో పెద్దేముల్ దాటాక, ఆ కారు వెనక చక్రం బీరయ్య తొడ మీదుగా పోయింది. కారు ఆగలేదు. ఎండెక్కాక సాటి కాపరి చూసేసరికి అతను ఇంకా మాట్లాడుతున్నాడు. ఏ మోటారూ రాలేదన్నాడట. చప్పుడు వినబడలేదు కనుక మోటారు రాలేదన్నాడు. తన కాలు ఎందుకలా అయిందో అతనికి అర్థం కాలేదు. మధ్యాహ్నానికి చనిపోయాడు. అప్పుడే వికారాబాదు ఆసుపత్రికి చేర్చి ఉంటే బతికేవాడని డాక్టరు అన్నాడు.

కమాను తొడుగులో గొంగడి వెంట్రుకలు దొరికాయి. పటేలు తాను నిద్రపోయానని చెప్పాడు. అది నిజం. నేను మార్చకముందు ఆ కారులో ఎవరూ నిద్రపోలేదు. సాయిలు తనకేమీ తెలియలేదన్నాడు. ఎవరూ నమ్మలేదు. మనిషిని తొక్కి, తెలిసీ పారిపోయాడన్నారు. మంచులో కనబడకపోవడం వేరు, తెలిసి వదిలేసిపోవడం వేరు. కేసంతా ఆ ఒక్కదాని మీద నిలబడింది. తెలిసిందా, లేదా?

పోలీసు అమీను వర్క్‌షాపుకు వచ్చాడు. వెంట సాయిలును తెచ్చాడు. నాకు కుర్చీ వేయించాడు. సాయిలు నేల మీద కూర్చున్నాడు.

"ఇంజనీర్ సాబ్, గా మోటర్ల ఉన్నోనికి మనిషి మీదికెల్లి పోతే ఎరుకైతదా, కాదా?"

నేను మాట్లాడేలోపే సాయిలు అన్నాడు: "సారూ, గా దినం ఇసుక సంచి దాటినం కద. నువ్వే ఇంకా రాలె అంటివి. గది చెప్పు సారూ."

"ఏం సంచి?" అన్నాను.

సాయిలు వర్క్‌షాపు వెనక బాట వైపు చూశాడు.

"మనిషి మీద పోతే తెలుస్తది" అన్నాను అమీనుతో. "తప్పకుండ తెలుస్తది."

"పక్కానా?"

"పక్కా."

తరువాత చాలా కారణాలు వెదుక్కున్నాను. ఉద్యోగం పోతుందన్న భయం. పటేలు పేరు మధ్యలోకి వస్తుందన్న భయం. నేను చేసిన బండే మనిషిని చంపిందని ఊరంతా అంటుందన్న భయం. ఇవన్నీ ఆ తరువాత పేర్చుకున్నవి. ఆ క్షణంలో వీటిలో ఏదీ నా మనసులో లేదు. మాట దానంతటదే వచ్చింది, ఎంతో నున్నగా. నిజం చెప్పడానికే తడబడతామేమో. కోర్టులో కూడా అదే చెప్పాను. అక్కడ ప్రమాణం కూడా చేశాను.

పటేలు ఆ కారు అమ్మేసే ముందు మా వర్క్‌షాపుకు పంపాడు. నేనొక్కణ్ణే దాన్ని తీసుకుని ఆ రోడ్డున పోయాను. పట్టపగలు. కళ్ళు తెరిచే ఉన్నాను. ఆ చోట కాపరులు రాళ్ళు పేర్చారని విన్నాను. నెమ్మదిగా నడిపాను. పొలాలు రెండువైపులా కదలకుండా ఉన్నట్టూ, రోడ్డే నా కింద నీళ్ళలా జారుతున్నట్టూ ఉంది. తరువాతి ఊరు ధారూరు వచ్చేసింది. ఆ చోటు ఎప్పుడు దాటానో నాకు తెలియలేదు. తిరుగు ప్రయాణంలోనూ తెలియలేదు. ఈ రోజుకీ బస్సు ఒక్కోచోట మెత్తగా పోతే లేచి నిలబడి వెనక అద్దంలోంచి రోడ్డు చూస్తాను. పక్కవాళ్ళు ఏదైనా పడిందా అని అడుగుతారు.

ఇంతవరకే అయితే ఇంకా మోసేవాణ్ణేమో. పోయిన చలికాలం వికారాబాదు స్టేషన్లో సాయిలు కనబడ్డాడు. కట్టెల మోపులు దించుతున్నాడు. జుట్టు నెరిసింది. తిడతాడనుకున్నాను. తిట్టాలనే కోరుకున్నానేమో. అతను తలగుడ్డ తీసి దులిపి, బెంచీ మీద నాకు చోటు తుడిచి, తాను నిలబడ్డాడు.

"నాకేం కోపం లేదు సారూ" అన్నాడు. "అప్పుడు ఎరుక కాలె అన్న. అబద్ధమే ఆడిన్నేమో. నువ్వు చదువుకున్నోనివి, ఊకె చెప్తవా? జైలుల పండుకోని యాది చేసుకుంట పోయిన. ముందుగాల ఏం యాదికి రాలె. తర్వాత తర్వాత వచ్చింది." కుడికాలు కొంచెం ఎత్తి పాదం చూపించాడు. "గిక్కడ. మెత్తగ లేసి పడ్డట్టు. వాని మూలుగు గూడ ఇన్నట్టే ఉన్నది. దినదినం ఇంకా మంచిగ ఎరుకైతున్నది."

అతనికి గుర్తొస్తున్న కుదుపు ఆ రోజు అతని దాకా రానే లేదు. దాన్ని అతని పాదంలో పెట్టింది నేను. నీకు తెలియలేదు సాయిలన్నా, తెలిసే వీలే లేదు, సంచి దాటిన మాట నిజం. ఇంతే అనాలి. తాండూరు బండి వచ్చింది. ఎక్కాను. కిటికీలోంచి చూస్తే అతను ఆ కాలినే చూసుకుంటున్నాడు.

ఇప్పుడు మీతో అన్నాను. అనవలసింది అతనితో. అతను చదవలేడు. ఇది అతనికి చేరదని నాకు తెలుసు. తెలిసే రాశానా? బహుశా. మీరు నన్ను క్షమించాలని అడగను. ఆ పని మీది కాదు. రాయడం మొదలుపెట్టినప్పటి కంటే ఊపిరి కొంచెం కిందిదాకా వెళుతోంది. దానికి నాకు సిగ్గుగానే ఉంది.

సాయిలుకు పడిన శిక్ష రెండేళ్ళు.