సరిహద్దు అవతలి మాత్రలు

టైలరమ్మ తమ్ముడికి మూర్ఛ. అతను రోజూ వేసుకునే మాత్రలు సరిహద్దు అవతలి దేశంలో మూడో వంతు ధరకే దొరుకుతాయి. కంపెనీ అదే, డబ్బా అదే. అందుకే ఆవిడ కుట్టుమిషన్‌ మూసేసి, బస్సెక్కి వెళ్లి తెచ్చేది.

ఈసారి తిరుగు ప్రయాణంలో తనిఖీ అధికారి సంచి విప్పించాడు.

"ఇన్ని ఎందుకమ్మా? అమ్ముకోడానికా?"

"అయ్యో, లేదు సార్! మా తమ్ముడికి. ఇక్కడి ధరకి కొనాలంటే ఇల్లు గుల్లవుతుంది. ఒక్క పూట మానినా పడిపోతాడు."

అతను డాక్టరు చీటీ చూశాడు. "మూడు నెలలకి మించి తేకూడదు" అంటూ సగం డబ్బాలు లాగేసుకున్నాడు. బతిమాలితే మిగతావీ పోతాయేమోనని ఆవిడ మిగిలిన డబ్బాలు గబగబా సంచిలో సర్దుకుంది.

బస్సు కదిలాక తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, దొరికాయా?"

"దొరికాయిరా" అంది. ఇల్లు చేరేదాకా ఒళ్లోని సంచిని వదల్లేదు.