పెట్టె మూత తెరుచుకునే లోపు

మా ఇంట్లో నేను ఇంతవరకు ఒక్క సినిమా కూడా కుదురుగా చూడలేదు. ఈ మాట అంటే మా బిడ్డ నవ్వుతుంది. "పొద్దంత టీవీ ముంగటనే ఉంటవు గద బాపూ" అంటుంది. ముందర ఉండటం వేరు, చూడటం వేరు. పేర్లు పడుతుండగానే కుక్కరు కూస్తుంది. హీరో వచ్చేసరికి గ్యాస్ బండ వస్తుంది, లేచి తలుపు తియ్యాలి. మా బిడ్డ పాటొస్తే ముందుకు ఉరికిస్తుంది, ఫోనొస్తే ఆపుతుంది. ఆమె మాట్లాడటం అయ్యేదాకా హీరోయిన్ నోరు సగం తెరుచుకొని అట్లాగే ఉంటుంది. మధ్యాహ్నం పక్కనున్న ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ పెడితే గోడ మీది టీవీ, దాని పక్కన మా అత్తగారి ఫొటో కలిసి ఊగుతాయి. రెండుసార్లు లేచి కూర్చుంటాను. మూడోసారి లేస్తే మళ్లీ కూర్చోను, వాకిట్లో అటూ ఇటూ తిరుగుతాను. లోపల సినిమా దానంతట అది నడుస్తూ ఉంటుంది.

మరి టాకీసుకు పోవచ్చు కదా అంటారు. మొన్నటిదాకా ఇరవై ఏళ్లకు పైగా నేను టాకీసు గడప తొక్కలేదు. ఎందుకో మా చుట్టాలందరికీ తెలుసు, వినీ వినీ విసిగిపోయారు కూడా. అయినా రాస్తున్నాను.

అప్పుడు నేను బాయి మీద పంపు ఆపరేటర్ని. మా దగ్గర బొగ్గుగనిని బాయి అనే అంటాం. గనిలో ఊరే నీళ్లను పైకి తోడే పంపులు ఆగకుండా చూడటం నా పని. పంపు ఆగితే నీళ్లు పెరుగుతాయి, కింద మనుషులుంటారు. అందుకే పంపు మనిషికి సెలవు కూడా సగం సెలవే. సెల్‌ఫోన్లు ఇంకా అందరి చేతుల్లోకి రాలేదు. అవసరం పడితే ముందు క్వార్టర్‌కు మనిషిని పంపేవారు, అక్కడ దొరక్కపోతే టాకీసుకు. టాకీసు వాళ్లు గాజు పలక మీద ఏ బాయో, ఏ పనో రాసి, నడుస్తున్న బొమ్మ మీదనే కింది భాగాన వేసేవారు. ఫలానా బాయి ఫిట్టర్ వెంటనే డ్యూటీకి రావలెను. అంతే. హాల్లో ఎక్కడో ఒక మనిషి లేచేవాడు. వరుసలో వాళ్లు కాళ్లు ముడుచుకొని దారి ఇచ్చేవారు. ఒక్కరూ విసుక్కోగా నేను వినలేదు. రేపు ఆ పలక మీద ఎవరి పని పడుతుందో ఎవరికి తెలుసు?

ఆ రోజు నా ప్లేడే, అంటే వారపు సెలవు. పెళ్లయి ఏడాది కాలేదు. ఇద్దరం మ్యాట్నీకి పోయాం. చనిపోయిన తండ్రి వదిలిన ఒక ఇనుప పెట్టె కోసం అన్నదమ్ములు కొట్టుకునే సినిమా. ఇంటర్వెల్ దాకా ఆ పెట్టెలో ఏముందో చెప్పరు. ఇంటర్వెల్ అయిన కొద్దిసేపటికి తమ్ముడు రాయి తీసుకొని తాళం పగలగొట్టాడు. మూత మీద చెయ్యి వేశాడు. సరిగ్గా అప్పుడే, ఆ పెట్టె మీదనే, తెల్లటి అక్షరాలు పడ్డాయి. మా బాయి నంబరు. పంపు ఆపరేటర్ వెంటనే రావలెను.

నేను వెనక్కి తిరిగి చూడలేదు. స్టాండులో నా సైకిల్ మధ్యలో ఇరుక్కుంది, పది సైకిళ్లు పక్కకు పడేసి తీసుకున్నాను. కొత్త చొక్కా మీద చెమట కారుతుండగా బాయి మీదికి పోతే, షిఫ్టు ఇన్‌ఛార్జి చాయ్ తాగుతున్నాడు.

"నిన్నెవ్వరు పిలిసిండ్రు? పంపులన్నీ సక్కగనే నడుస్తున్నయ్. ప్లేడే నాడు సుత ఇంటికాడ ఉండబుద్ధి అయితలేదా, కొత్త పెండ్లికొడుకా?"

అక్కడున్న అందరూ నవ్వారు. వాళ్ల మొహాలు ఒక్కొక్కటీ నాకు గుర్తున్నాయి. నేను వచ్చినట్టు రిజిస్టర్లో రాయమన్నాను. రాయనన్నాడు. రాసేదాకా కదలనని గంటసేపు గేటు లోపల నిలబడి కొట్లాడాను. రాయలేదు.

మళ్లీ టాకీసుకు వచ్చేసరికి ఆట విడిచారు. తేలిందేమిటంటే, అది పోయిన వారం పలక. ఎవరో తుడవకుండా పెడితే, ప్రొజెక్టర్ క్యాబిన్లో మనిషి కొత్తదనుకొని వేశాడు. తర్వాతి ఆటలో రెండో సగం చూడనివ్వమని గేటు దగ్గర అడిగాను.

"సగం సినిమాకు సగం మనిషివి వస్తవా ఏంది అన్నా?" అన్నాడు గేటు మనిషి. అక్కడా నవ్వారు.

"ఆ రెండో సగం ఈ హాల్లనే చూస్త. మీరే నన్ను పిలుస్తరు" అన్నాను. పిలవలేదు.

ఇంటికి పోతే నా భార్య ఉల్లిగడ్డ కోస్తోంది.

"సినిమా మంచిగుందానే?" అన్నాను.

"ఆఁ. మంచిగనే ఉంది."

"పంపు ఆగిందో, నేను నీళ్లల్ల మునిగిన్నో... నువ్వు సల్లగ కూసొని చూసినవ్?"

"పిలిసింది నిన్ను గద. నన్ను గాదు గద" అంది, కత్తిపీట మీది నుంచి తల ఎత్తకుండా.

ఇన్‌ఛార్జిని ఒకనాటికి క్షమించానేమో గానీ ఈ మాటను క్షమించలేదు. ఆ పెట్టెలో ఏముందో నాకు చెప్పొద్దని అదే రోజు గట్టిగా చెప్పాను. ఆమె చెప్పలేదు. తర్వాత ఆ సినిమా టీవీలో ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. మొదటి బొమ్మ కనపడగానే ఆమే చానల్ మార్చేసేది. నా మాట మీద ఆ మాత్రం గౌరవం ఉందనుకున్నాను.

పోయిన ఏడాది నేను రిటైరయ్యాను. ఈ మధ్య ఆ హీరో పుట్టినరోజని పాత సినిమాను కొత్తగా కడిగి మళ్లీ విడుదల చేశారు, అదే హాల్లో. మా బిడ్డ ఫోన్లో చూసి చెప్పింది.

"ఇంట్లనే పెడ్త బాపూ. ఇంటర్వెల్ కాడి నుంచి పెట్టాల్నా?"

"ఇంట్ల వద్దు."

"అయితె టాకీసుకు పో."

"వాళ్లు పిలవలే గద."

"వాళ్లు పిలిసేదాక అంటే నువ్వుండవు, టాకీసు ఉండది" అంది నా భార్య వంటింట్లోంచి. "బుక్ చెయ్యి బిడ్డా. నేను సుత పోత."

కుర్చీలు మారాయి. మెత్తగా, పెద్దగా ఉన్నాయి. నేను నడవ పక్కన కూర్చున్నాను, ఆమె నాకు కుడివైపు. ముందు వరుసల్లో పిల్లలు కాగితాలు చించి ఎగరేస్తున్నారు, ప్రతి డైలాగూ హీరో కంటే ముందు వాళ్లే చెప్తున్నారు. నాకు ఒక్క క్షణం కుదురు లేదు. చెప్పులు విడిచాను, మళ్లీ తొడుక్కున్నాను. ఇంటర్వెల్‌లో బయటికి పోతే ఎక్కడ తలుపు మూస్తారోనని లేవనే లేదు.

తమ్ముడు రాయి తీసుకున్నాడు. తాళం పగిలింది. మూత మీద చెయ్యి పడింది. నేను పెట్టెను చూడాలి కదా. నా చూపు తెర కింది భాగానికి పోయింది. అక్షరాల కోసం. అప్పటికే సగం లేచి ఉన్నాను, కుర్చీ చెయ్యి పట్టుకొని.

ఏ అక్షరాలూ పడలేదు.

"ఓయమ్మో, గీ అంగీయేనా!" అంది నా భార్య. నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

చూస్తే పెట్టెలో బొత్తాలు ఊడిన పాత ఎర్ర చొక్కా ఒకటి, మడత పెట్టి. నేను దాన్ని సరిగా చూడలేదు. ఆమెనే చూస్తున్నాను.

"నువ్వు గిది చూసినవ్ గదనే."

"ఏడ చూసిన?"

"మరి ఆ పొద్దు?"

"నువ్వు లేవంగనే నీ ఎనక లేసిన. ఎనక వరుసల ఎవరో, బాయిల నీళ్లొచ్చినయట అన్నరు. ఆటో దొరకలే, నడిసిన. బాయి గేటు కాడ నిలవడ్డ. లోపట నువ్వు చేతులూపుకుంట కొట్లాడుతున్నవ్. సచ్చి బతికిన అనుకొని ఇంటికొచ్చిన."

"మరి మంచిగుంది అన్నవ్?"

"నువ్వు అడిగిన తీరుకు గట్లన్న. వచ్చుడు వచ్చుడే నేను కూసొని చూసినట్టు మాట్లాడితివి. ఒక్కపారి, నువ్వేడున్నవే అని అడిగినవా? అడిగితె చెప్పేదాన్ని."

"ఇన్నేండ్లు?"

"ఇన్నేండ్లల్ల అడిగినవా?"

వెనక నుంచి ఎవరో వంగి, "కాకా, ముచ్చట ఇంటికాడ పెట్టుకోండ్రి" అన్నాడు. ఇంకొకడు కూర్చోమన్నాడు. నేను ఇంకా సగం నిలబడే ఉన్నానని అప్పుడు తెలిసింది.

కూర్చున్నాను. తెర మీద అన్నదమ్ములు ఏడుస్తున్నారు, ఎందుకో తెలియలేదు. నాకు ఆ గేటు కనపడుతోంది. లోపల నేను రిజిస్టర్ కోసం అరుస్తున్నాను, బయట దుమ్ములో ఈమె నిలబడి ఉంది, గంటసేపట్లో నేను ఒక్కసారి కూడా అటు తిరగలేదు. ఆమె మీద పెట్టుకున్న కోపం ఎక్కడ పెట్టాలో తోచలేదు. ఇన్నేళ్లు చెప్పకుండా నన్ను వట్టి కోపంలో ఉంచినందుకు ఇంకో కోపం వచ్చింది. దీపాలు వెలిగేసరికి సినిమా ఎట్లా ముగిసిందో నాకు తెలియదు.

టాకీసు గేటు దగ్గర నిలబడి, "నేను రెండో సగం చూడలే" అన్నాను.

"నేను చూసిన్నా?" అంది. "నువ్వు గుర్రుగ నన్నే చూస్తుంటివి. రేపు మల్ల వద్దాం. గీపారి నువ్వు లేస్తె నేను లెవ్వ, చెప్తున్న."

లేవదట. ఆమె మాట నమ్మడానికి లేదని ఇప్పుడు నాకు తెలుసు. ఫోన్ తీసి, రేపటి మ్యాట్నీకి రెండు సీట్లు పట్టమని బిడ్డకు చెప్పాను, నడవకు దూరంగా, వరుస మధ్యలో.